క్రీడా సందేహాలు: జూనియర్ అమ్మాయిల వాలీబాల్

2025 ఆగస్టులో ఇండోనేషియాలోని సురబయ నగరంలో 21 ఏళ్ల లోపు మహిళల ప్రపంచ వాలీబాల్ పోటీలు జరిగాయి. 24 జట్లు పాల్గొన్న ఆ పోటీల్లో జపాన్‌ను ఫైనల్లో ఓడించి ఇటలీ విజేతగా నిలిచింది. వాటిని చూసిన విశాఖ పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: 21 ఏళ్ల లోపు విభాగమని చెబుతూనే, 2004 డిసెంబరులో పుట్టి పోటీల నాటికి ఇంకా 20 ఏళ్లే ఉన్న అమ్మాయిని అనర్హురాలంటారు. ఇదెలా సబబు? (ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, గాజువాక)

సమాధానం: అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య వయసును పోటీ జరిగే రోజును బట్టి కాక పుట్టిన సంవత్సరాన్ని బట్టి లెక్కిస్తుంది. సురబయ పోటీలకు 2005 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారే అర్హులు. ఒక్క రోజు తేడాతో అవకాశం పోగొట్టుకున్న అమ్మాయికి ఇది అన్యాయంగా తోచవచ్చు గానీ, ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. 2021 వరకు ఈ విభాగం 20 ఏళ్ల లోపు వారిది కాగా, 2023 నుంచి ఒక ఏడాది పెంచారు. మన పాఠశాల క్రీడల్లోని 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలకు వీటితో సంబంధం లేదు కనుక ఆ లెక్కను ఇక్కడికి తీసుకురాకండి. పత్రాల విషయంలో మాత్రం మీ పిల్లల తల్లిదండ్రులను ఇప్పటి నుంచే హెచ్చరించండి. సురబయలోనే వియత్నాం జట్టులో ఒక క్రీడాకారిణికి అర్హత లేదని తేలడంతో, ఆ జట్టు గెలిచిన మ్యాచ్‌లు సైతం ఓటములుగా మారిపోయాయి. ఒక్కరి అర్హతలో వచ్చిన తేడాకు జట్టంతా మూల్యం చెల్లించింది.

ప్రశ్న: గ్రూపు పట్టికలో 11 పాయింట్లున్న జట్టు కన్నా 8 పాయింట్లున్న జట్టు పైన ఉండే వీలుందని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నిజమేనా? (ఒక పాఠకుడు, సీతమ్మధార)

సమాధానం: మీ అబ్బాయి మాటే నిజం. మ్యాచ్‌ను 3-0 లేదా 3-1 తో గెలిస్తే 3 పాయింట్లు వస్తాయి. అయిదో సెట్ దాకా వెళితే గెలిచిన జట్టుకు 2, ఓడిన జట్టుకు 1 ఇస్తారు. అయితే స్థానాలను నిర్ణయించేటప్పుడు ముందుగా చూసేది విజయాల సంఖ్యనే. నాలుగు మ్యాచ్‌లనూ 3-2 తేడాతో గెలిచి, అయిదోది 0-3 తో ఓడిన జట్టుకు 8 పాయింట్లే ఉంటాయి. మూడింటిని 3-0 తో గెలిచి, రెండింటిని 2-3 తో పోగొట్టుకున్న జట్టుకు 11 వస్తాయి. అయినా నాలుగు విజయాల జట్టే పైన ఉంటుంది. విజయాలు సమానమైనప్పుడే పాయింట్లు, అవీ సమానమైతే గెలిచిన, ఓడిన సెట్ల నిష్పత్తి, ఆ తరువాత ఆటలో చేసిన పాయింట్ల నిష్పత్తి లెక్కలోకి వస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. పొట్టిగా ఉంది కాబట్టి ఇక లిబెరోగానే (వెనుక వరుసలో బంతిని కాపాడే స్థానంలోనే) ఆడించాలని కోచ్ అంటున్నారు. తనకేమో స్మాష్ కొట్టాలని ఆశ. లిబెరోగా ఆడితే గుర్తింపు ఉంటుందా? (ఒక తల్లి, మధురవాడ)

సమాధానం: మహిళల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. అంతర్జాతీయ జూనియర్ పోటీల్లోనూ అంతే. ఈ ఎత్తు దగ్గర పొడగరులకు అనుకూలత ఉంటుందన్నది దాచలేని సంగతి. ఆ లోటును కొంతైనా పూడ్చేందుకే 1998లో లిబెరో స్థానాన్ని నిబంధనల్లో చేర్చారు. వేరే రంగు చొక్కా వేసుకునే ఈ క్రీడాకారిణి వెనుక వరుసలో ఎవరి స్థానంలోనైనా దిగవచ్చు, అది ఆరు సబ్‌స్టిట్యూషన్ల లెక్కలోకి రాదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆమె సర్వీస్ చేయకూడదు, బ్లాక్‌కు (నెట్ దగ్గర ఎగిరి చేతులతో బంతిని అడ్డుకోవడానికి) ప్రయత్నించకూడదు, నెట్ అంచుకు పైన ఉన్న బంతిని కొట్టి అవతలికి పంపకూడదు.

ఇన్ని నిషేధాలున్నా జట్టు గెలుపు ఆమె మొదటి పాస్ మీద ఎంతగా ఆధారపడుతుందో ఒక్క సర్వీస్‌ను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఫ్లోట్ సర్వీస్‌లో బంతికి తిరుగుడు ఉండదు. నెట్ దాటేదాకా తిన్నగా వస్తున్నట్టే ఉండి, చివరి రెండు మూడు మీటర్లలో అది పక్కకు జరుగుతుంది లేదా ఉన్నట్టుండి కిందికి జారుతుంది. ఎడమ భుజం మీదికి వచ్చిన అలాంటి బంతిని చేతులు చాపి అందుకోబోతే ముంజేతి అంచుకు తగిలి ప్రేక్షకుల్లోకి పోతుంది. అనుభవమున్న లిబెరో సర్వీస్ చేసే అమ్మాయి అరచేతి వైపు చూస్తూ, బంతి గాలిలో ఉండగానే రెండు చిన్న అడుగులతో దాని వెనుకకు చేరి, మోకాళ్లు వంచి, ముంజేతులను కదపకుండా ఉంచి బంతిని నెట్‌కు మీటరు దూరంలో సెట్టర్ (స్మాష్ కొట్టేవారికి బంతిని లేపి ఇచ్చే క్రీడాకారిణి) తల మీదికి పంపుతుంది. బంతి అక్కడ పడితే సెట్టర్‌కు మూడు వైపులా దారులుంటాయి. నాలుగు మీటర్లు వెనక్కి పడితే ఎటు లేపుతుందో అవతలి బ్లాకర్లకు ముందే తెలిసిపోతుంది. టీవీలో స్మాష్‌నే మళ్లీ మళ్లీ చూపిస్తారు కాబట్టి, దానికి ముందు జరిగిన ఈ పని ప్రేక్షకుల కంట పడదు. సెలెక్టర్ల కంట మాత్రం పడుతుంది.

కాబట్టి లిబెరోగా ఆడటం చిన్నతనమని మీ అమ్మాయిని అనుకోనివ్వకండి. అయినా కోచ్ గారి మాటలో 'ఇక లిబెరోగానే' అన్న భాగంతో మేము ఏకీభవించలేము. 15 ఏళ్లకే ఒక స్థానానికి కట్టేస్తే సర్వీస్, స్మాష్, బ్లాక్ నేర్చుకునే వయసు చేజారిపోతుంది. జట్టు కూర్పు మారి లిబెరో చొక్కా మరొకరికి వెళితే ఆమె బెంచీకి పరిమితమవుతుంది. మ్యాచ్‌లలో లిబెరోగా ఆడుతూనే సాధనలో అన్నీ చేయనివ్వమని కోచ్‌ను మర్యాదగా అడగండి. ముఖ్యంగా వేళ్లతో సెట్ చేయడం నేర్పించమనండి. మొదటి బంతిని సెట్టరే తీయవలసి వస్తే రెండో బంతిని లేపేది చాలాసార్లు లిబెరోనే. ఇక్కడ ఒక చిక్కు ఉంది: నెట్‌కు మూడు మీటర్ల దూరంలో ఉండే గీతకు ముందు నిలబడి లిబెరో వేళ్లతో లేపిన బంతిని, అది నెట్ అంచుకు పైన ఉండగా తోటివారు కొట్టకూడదు. అందుకే మంచి లిబెరోలు గీత వెనుక నుంచే ఎగిరి, గాలిలో ఉండగా సెట్ చేస్తారు. మీ అమ్మాయి దీన్ని సాధిస్తే సెట్టర్ స్థానానికి కూడా తలుపు తెరిచే ఉంటుంది.

ప్రశ్న: ఈ జూనియర్ ప్రపంచ పోటీలు మన దేశంలో ఎప్పుడైనా జరిగాయా? వీటిలో ఆడినవారు తరువాత పెద్ద పేరు తెచ్చుకున్నారా? (ఒక డిగ్రీ విద్యార్థిని, పెదవాల్తేరు)

సమాధానం: పురుషుల జూనియర్ పోటీలు 2009లో పుణెలో జరిగాయి. మహిళల పోటీలు 1977లో బ్రెజిల్‌లో మొదలైనా, ఇప్పటికీ మన దేశానికి రాలేదు. తొలి రెండు పోటీల్లోనూ దక్షిణ కొరియానే గెలిచింది. ఇక పేరు విషయానికి వస్తే, చైనా క్రీడాకారిణి జూ టింగ్ 2013 జూనియర్ పోటీల్లో అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. మూడేళ్లకే రియో ఒలింపిక్స్‌లో చైనా స్వర్ణం గెలిచినప్పుడు అక్కడా ఆ గౌరవం ఆమెకే దక్కింది. మన తెలుగువారికి వాలీబాల్ కొత్తేమీ కాదు. పి.వి. సింధు తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. కూతురు బ్యాడ్మింటన్ వైపు వెళ్లిందని వాలీబాల్ అభిమానులు కొంచెం నొచ్చుకుంటే తప్పుపట్టలేము.

ప్రశ్న: మాకు ఇండోర్ కోర్టు అందుబాటులో లేదు. బీచ్‌లో ఇసుక మీద రోజూ సాధన చేస్తే సరిపోతుందా? (కళాశాల జట్టు అమ్మాయిలు, భీమిలి)

సమాధానం: వారంలో ఒకటి రెండు రోజులైతే మేలే. ఇసుకలో ఎగరాలంటే కాళ్లకు ఎక్కువ బలం కావాలి, కింద పడినా దెబ్బ తక్కువ. సాయంత్రం సముద్రపు గాలిలో ఫ్లోట్ సర్వీస్ అందుకోవడం అలవాటైతే ఇండోర్ కోర్టులో బంతి తేలికగానే కనిపిస్తుంది. రోజూ మాత్రం వద్దు. ఇసుకలో పరుగు నెమ్మదిస్తుంది కాబట్టి స్మాష్‌కు అడుగులు వేసే సమయం మారిపోతుంది, గట్టి నేల మీదికి రాగానే ఎగిరే సమయం తప్పుతుంది. పైగా బీచ్ వాలీబాల్ వేరే ఆట. ఇద్దరే ఆడతారు, కోర్టు పొడవు 16, వెడల్పు 8 మీటర్లు, బంతిలో గాలి తక్కువ. ఇండోర్‌లో చెల్లే వేళ్లతో తట్టి పడేసే బంతి అక్కడ తప్పవుతుంది. వారంలో మిగతా రోజులు కళాశాల మట్టి మైదానంలోనే 18, 9 మీటర్ల కొలతతో సున్నం గీతలు వేసుకుని, నెట్‌ను నడుమ భాగంలో టేపుతో కొలిచి 2.24 మీటర్ల వద్ద బిగించి ఆడండి. నడుమ జారిన నెట్ మీద నేర్చుకున్న స్మాష్ అసలు కోర్టులో నెట్‌కే తగులుతుంది.