నూకల ఇంధనం మీద మనసుపడ్డ బైపీసీ బిడ్డ: ఏం చదివించాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమస్తాను. మా బిడ్డ ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్ రాయనంటోంది. మా మిల్లు నూకలతో కారు ఇంధనం తయారవుతుందని విన్నప్పటి నుంచి ఆ చదువే చదువుతానని పట్టుబట్టింది. చుట్టాలేమో 'గుడుంబా చదువా?' అని నవ్వుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ నవ్వు సంగతి చూద్దాం. గుడుంబాలో బెల్లాన్నీ, ఫ్యాక్టరీలో నూకలనూ ఆల్కహాల్‌గా మార్చేది ఈస్టే. కానీ బెల్లంలో చక్కెర ముందే ఉంటుంది, నూకల్లో ఉండేది పిండిపదార్థం. అన్నం ముద్దను మింగకుండా కాసేపు నమిలి చూడండి, తియ్యబడుతుంది. నోట్లో ఊరే ఎంజైమ్ పిండిని చక్కెర చేస్తుంది. ఫ్యాక్టరీలో నూకలను పిండి చేసి, నీళ్లలో ఉడికించి, అలాంటి ఎంజైములే కలుపుతారు. ఆ తర్వాతే ఈస్ట్ పని. ఎంత మరిగించి ఆవిరి పట్టినా ఆల్కహాల్ 95 శాతం దగ్గర ఆగిపోతుంది. మిగిలిన నీటిని మాలిక్యులర్ సీవ్ అనే సన్నటి గుళికలతో పీల్పించి 99.5 శాతం దాటిస్తారు. పెట్రోలులో కలిపే ఇథనాల్ ఇదే. అందులో నీళ్లు ఎక్కువ మిగిలితే పెట్రోలులో కలిసి ఉండదు, ట్యాంకు అడుగున విడిగా చేరుతుంది. ఇదంతా బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ. చుట్టాలకు ఈ ముక్క మీ బిడ్డతోనే చెప్పించండి.

ఇక చదువు. ఇలాంటి ప్లాంట్లలో ఎక్కువ కనిపించే కెమికల్ ఇంజినీరింగ్‌కు మ్యాథ్స్ కావాలి కాబట్టి ఆ దారి వదిలేద్దాం. బైపీసీ వాళ్లు ఎప్‌సెట్ రాసి బీటెక్ బయోటెక్నాలజీలో చేరవచ్చు. కానీ మీ జీతం మీద ప్రైవేటు కాలేజీ ఫీజు బరువు. నేనైతే దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా నల్గొండలోనో హైదరాబాద్‌లోనో ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీకే మొగ్గుతాను. మైక్రోబయాలజీ గానీ బయోకెమిస్ట్రీ గానీ ఉండాలి, పక్కన కెమిస్ట్రీ తప్పకుండా ఉండాలి. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ చేయవచ్చు. కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆల్కహాల్ టెక్నాలజీ పీజీ డిప్లొమా కూడా ఉంది. దాని నోటిఫికేషన్‌లో అర్హతలు ఇప్పుడే చదివి పెట్టుకోండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: పూర్తిగా ఇథనాల్‌నే నమ్ముకోవద్దు. పెట్రోలులో దాని వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పెద్ద మార్కెట్టే. కానీ అది సర్కారు ఉత్తర్వుల మీద నడిచే మార్కెట్. 2023 జులైలో ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) ఇథనాల్‌కు బియ్యం ఇవ్వడం ఆపేసింది, ప్లాంట్లు మక్కల కోసం పరుగులు పెట్టాయి. మిల్లులో ఉన్నారు కాబట్టి బియ్యం చుట్టూ ఉత్తర్వులు ఎలా మారతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పులియబెట్టే శాస్త్రం బాగా వచ్చిన మనిషికి మాత్రం హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో టీకాలు, మందుల కంపెనీల్లోనూ చోటు ఉంటుంది.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ కంపు కొడుతోందని, నీళ్లు పాడవుతున్నాయని రైతులు రోడ్డెక్కారు. ఆల్కహాల్ తీశాక మిగిలే మడ్డి నీటిని శుద్ధి చేయకుండా వాగులో వదిలితే అందులో ఆక్సిజన్ అయిపోతుంది, చేపలు చస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన నల్గొండ జిల్లా మనది. నీళ్లు పాడైతే ఏమవుతుందో మన ఇళ్లల్లోనే చూశాం. మీ బిడ్డ వ్యర్థజలాల శుద్ధి కూడా నేర్చుకుంటే ఉద్యోగానికి బలం, పక్క ఊళ్లకు మేలు. డిగ్రీ మూడో ఏడాది ప్రాజెక్టు ఆ అంశం మీదే చేయమనండి.

ప్లాంటు రాత్రింబవళ్లు నడుస్తుంది. ల్యాబ్‌లో కూడా షిఫ్టులు పడతాయి, అదీ ఇంట్లో ముందే మాట్లాడుకోండి. పరీక్షలయ్యాక తెలిసినవాళ్ల ద్వారా అనుమతి తీసుకుని ఒక పూట ఏదైనా ప్లాంటు చూపించండి. పులిసిన గంజి వాసన మధ్య రోజుకు ఎనిమిది గంటలు ఉండగలనో లేదో తననే తేల్చుకోనివ్వండి.