కొత్తింటి గుమ్మం పక్కన చిలక్కొయ్యలు

బిడ్డా,

వాన పడితే రెయిన్‌కోట్లు కుర్చీల మీద, హెల్మెట్లు ఫ్రిజ్ మీద, పిల్లల బ్యాగులు కాళ్లకు అడ్డం అన్నావు మొన్న ఫోన్‌లో. నల్లగొండ బజారులో రెడీమేడ్ స్టాండు కొంటానన్నావు. కొనకు. ఒక ఆదివారం కూర్చుంటే గోడకు బిగించే కొక్కేల చెక్క ఇంట్లోనే అయిపోతుంది.

దేవరకొండలో మన పాతింటి చిలక్కొయ్యలు గుర్తున్నాయా? గోడ కట్టేటప్పుడే వాటి కొసలను మట్టిలో జానెడు లోతు కూర్చారు. తడిసిన గొంగడి వేసినా కదిలేవి కావు. ఇప్పటి ఇటుక గోడకు ఆ వీలు లేదు. పట్టంతా స్క్రూదే. అందుకే చెక్క కన్నా గోడ గురించే ఎక్కువ రాస్తున్నాను.

సామిల్లులో మూడడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం చెక్క అడుగు. టేకైతే మంచిది, వేపైనా చాలు. కానీ బాగా ఎండిందే తీసుకో. పచ్చి చెక్క బిగించాక వంకర పోతుంది. నునుపు చేసే రందా అక్కడే పట్టించు. గరుకు కాగితం చారల వెంబడి రుద్దు. అడ్డంగా రుద్దిన గీతలు వార్నిష్ వేశాక బయటపడతాయి. వెనకవైపు కూడా వార్నిష్ వెయ్యాలి, గోడ చెమ్మ అటునుంచే ఎక్కుతుంది.

కొక్కేలు ఆరు. అటూ ఇటూ 3 అంగుళాలు వదిలి, ఆరేసి అంగుళాలకు ఒకటి. స్క్రూ తిప్పే ముందు సన్న బెజ్జం వేసుకో, లేకపోతే చెక్క చీలుతుంది.

ఇక గోడ. మొదటిసారి నేను చేసిన చెక్క పదిహేను రోజులకే నడిరాత్రి ఊడి పడింది. ఇంట్లో అందరం ఉలిక్కిపడి లేచాం. కింద చూస్తే, స్క్రూ పట్టు కోసం గోడ బెజ్జంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గులు స్క్రూలతో సహా ఊడివచ్చి ఉన్నాయి. ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోయాయి, ఇటుకను తాకనే లేదు. అప్పటి నుంచి డ్రిల్లు పెట్టగానే పొడి రంగు చూస్తాను. ముందు బూడిద రంగు సిమెంటు రాలుతుంది. ఎర్ర పొడి మొదలైందంటే ఇటుక తగిలినట్టు. అక్కడి నుంచి ఇంకో అంగుళంన్నర లోపలికి పోవాలి. ప్లగ్గు 8 మిల్లీమీటర్లదైతే డ్రిల్లు బిట్టూ అంతే. బెజ్జంలో పొడి ఊదెయ్యి, కళ్లకు అద్దాలు పెట్టుకో. స్క్రూ చెక్కను దాటి ప్లగ్గు చివరిదాకా పోయేంత పొడవుండాలి. సిమెంటు ఇటుకలతో కట్టిన గోడైతే పొడి రంగు మారదు, లోతు కొలుచుకోవడమే.

గోడ స్క్రూలు మూడు చాలు, రెండు కొసల దగ్గర, ఒకటి నడుమ. చెక్క పై అంచుకు అంగుళం కిందనే వెయ్యి, కొక్కేలు వాటికన్నా దిగువన ఉండాలి. బరువు పడితే చెక్క పైభాగమే గోడను వదిలి ముందుకు వంగుతుంది, పట్టు అక్కడ కావాలి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైన, కింద మాత్రం డ్రిల్లు పెట్టకు. లోపల వైరు పైపులు నిలువునా పోతాయి. చెక్క వంకర లేకుండా సమంగా ఉందో చూసుకోవాలి, రసమట్టం లేకపోతే మేస్త్రీ దగ్గర లెవల్ పైపు అడిగి తెచ్చుకో.

పెద్దవాళ్లకు ఐదడుగుల ఎత్తు సరిపోతుంది. పిల్లల బ్యాగులకు మూడడుగుల దగ్గర ఇంకో చిన్న చెక్క పెట్టు. వాళ్లకు అందితేనే తగిలిస్తారు. ఆ కొక్కేల మొనలు గుండ్రంగా ఉండేవే తీసుకో, చిన్నోడి కళ్లు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి.

డ్రిల్లింగ్ మిషన్ కొనకు, నాది పంపిస్తాను.

మీ పెద్దనాయన