భాష మారినప్పుడు కోడ్‌లో ఏం మారుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆరేళ్లుగా పైథాన్‌లో పని చేస్తున్నాను. ఈమధ్య చేరిన బృందంలో సర్వర్ల కోడ్ అంతా గో భాషలో ఉంది. దాని వ్యాకరణం రెండు వారాల్లో పట్టుబడింది. అయినా నా కోడ్‌ను సమీక్షించేవారు ‘ఇది గో కాదు, గోలో రాసిన పైథాన్’ అని వెనక్కి పంపుతున్నారు. నా పొరపాటు ఎక్కడుందో వివరించగలరు.

జవాబు: రెండు వారాల్లో వ్యాకరణం రావడం సహజమే. గోలో మొత్తం కీవర్డులు 25. రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ రూపొందించగా 2009లో గూగుల్ ప్రకటించిన ఈ భాషను కావాలనే చిన్నదిగా ఉంచారు. మీకు చిక్కు వస్తున్నది కొత్తగా కనిపించే చోట్ల కాదని నా అంచనా. కొత్తది ఎదురైతే ఎవరైనా ఆగి చదువుకుంటారు. పాతదానిలాగే కనిపిస్తూ వేరే అర్థమిచ్చే చోటనే ఆగకుండా ముందుకు పోతాం. తెలుగువారు ‘అవసరం’ అంటే కావలసినదని అనుకుంటారు. అదే మాటను తమిళులు ‘తొందర’ అనే అర్థంలో వాడతారు. మాట తెలిసినదే కాబట్టి అడగాలని తోచదు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. 1, 2, 3, 4 అనే నాలుగు సంఖ్యల వరుస తీసుకోండి. పైథాన్‌లో అందులోంచి మొదటి రెండింటిని కోసి వేరే పేరు పెడితే కొత్త లిస్టు తయారవుతుంది; ఆ కొత్త లిస్టు చివర 99 చేర్చినా పాత లిస్టు చెక్కుచెదరదు. గోలోనూ దాదాపు అవే చిహ్నాలతో అదే కోత కోయవచ్చు. అయితే అక్కడ స్లైస్ అంటే నకలు కాదు, అసలు వరుస ఉన్న మెమరీనే చూపించే మరో కిటికీ. ఆ ముక్కకు అపెండ్‌తో 99 చేర్చి, ఆ తర్వాత అసలు వరుసను ప్రింట్ చేయండి: 1, 2, 99, 4 అని వస్తుంది. మూడో గడిలోని 3 చెరిగిపోయింది. ముక్క వెనుక ఇంకా రెండు గడుల చోటు మిగిలి ఉన్నందువల్ల అపెండ్ కొత్త చోటు వెతుక్కోకుండా అక్కడే రాసేసింది. కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చే కంపైలర్ అభ్యంతరం చెప్పదు, నడిచేటప్పుడు ఎర్రర్ రాదు. నేను గోకు మారిన కొత్తలో ఇలాంటి ఒక్క పంక్తి కోసం రెండు రోజులు వెతికాను. అది పైథాన్‌లో వందలసార్లు రాసిన పంక్తి కావడంతో నా చూపు దాని మీద నిలవనే లేదు. నకలు కావాలనుకుంటే స్లైసెస్ ప్యాకేజీలోని క్లోన్ ఫంక్షన్‌తో దాన్ని అడిగి తీసుకోవాలి.

సంఖ్యల సంగతీ అంతే. పైథాన్‌లో పూర్ణసంఖ్య ఎంత పెద్దదైనా కావచ్చు. గోలో 64 బిట్ల పూర్ణసంఖ్యతో 20 ఫాక్టోరియల్ (1 నుంచి 20 వరకు సంఖ్యల లబ్ధం) లెక్క సరిగ్గా 2432902008176640000 అని వస్తుంది. 21 ఫాక్టోరియల్ అడిగితే, గుణించినవన్నీ ధనసంఖ్యలే అయినా, -4249290049419214848 అనే రుణసంఖ్య చేతికొస్తుంది. రుణసంఖ్యల భాగహారం కూడా సరిచూసుకోండి. -7ను 2తో పూర్ణసంఖ్యలుగా భాగిస్తే పైథాన్ -4 అంటుంది, గో -3 అంటుంది. పేరు-విలువ జతలను దాచే డిక్షనరీలో చేర్చిన వరుస నిలుస్తుందని పైథాన్ 3.7 నుంచి హామీ ఉంది. దానికి సాటి అయిన గో మ్యాప్‌లో అలాంటి హామీ లేదు, వరుస ప్రతిసారీ మారవచ్చు.

ఇక సమీక్షకుల మాటకు వస్తే, వారికి ఎక్కువగా కనిపిస్తున్నది ఎర్రర్లను మీరు నడిపే తీరు అయి ఉంటుంది. పైథాన్‌లో తప్పు జరిగితే ఎక్సెప్షన్ లేస్తుంది, పైన ఎక్కడో ఒకచోట దాన్ని పట్టుకుంటాం. గోలో ఎర్రర్ ఒక మామూలు విలువ. ఫంక్షన్ దాన్ని ఫలితంతోపాటు తిరిగి ఇస్తుంది, పిలిచినచోటనే దాన్ని చూసి ఏం చేయాలో తేల్చుకోవాలి. పైథాన్ అలవాటున్నవారికి ఇది చెప్పిందే చెప్పినట్టు అనిపించి, మామూలు నడకను అక్కడికక్కడే ఆపేసే పానిక్‌ను ఎక్సెప్షన్‌లా వాడేస్తారు. దయచేసి ఆ దారి వద్దు. గోలో చదివేవారు ఏ పంక్తి విఫలం కావచ్చో ఆ పంక్తి దగ్గరే చూడాలని ఆశిస్తారు. కొత్త పాఠాలు వెతకడం ఆపి, గోతోపాటే వచ్చే స్ట్రింగ్స్ ప్యాకేజీ కోడ్‌ను ఒక వారం శ్రద్ధగా చదవండి. ఆపైన మీరు మొదట రాసిన ఒక ప్రోగ్రామును తెరిచి, పాతదాన్ని చూడకుండా మళ్లీ రాయండి.

ప్రశ్న: పేరు 20 అక్షరాలకు మించకూడదని తనిఖీ చేసే ఫంక్షన్‌ను పైథాన్ నుంచి గోకు మార్చాను. ఇంగ్లీషు పేర్లు బాగానే వెళ్తున్నాయి, తెలుగు పేర్లు మాత్రం చాలావరకు తిరస్కరణకు గురవుతున్నాయి. ‘తెలుగు’ అనే మాట పొడవు పైథాన్‌లో 6, గోలో 18 అని వస్తోంది. ఏ భాష చెప్పేది సరైనది?

జవాబు: రెండూ సరైనవే, వేర్వేరు వాటిని లెక్కపెడుతున్నాయి. పైథాన్ 3 యూనికోడ్ (లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే ప్రమాణం) సంకేతాలను లెక్కిస్తుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు. గోలో పొడవు చెప్పే లెన్ బైట్లను లెక్కిస్తుంది. యూనికోడ్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి పద్దెనిమిది. రస్ట్‌లోని లెన్ కూడా 18 అనే చెబుతుంది. జావా, జావాస్క్రిప్ట్ 6 అంటాయి గానీ అవి లెక్కించేవి 16 బిట్ల ముక్కలను; తెలుగు సంకేతాలన్నీ ఒక్కో ముక్కలో ఇమడడం వల్ల పైథాన్ లెక్కతో కలిసింది, ఒక ఎమోజీ చేర్చి చూడండి, తేడా బయటపడుతుంది. స్విఫ్ట్ మాత్రం 3 అంటుంది: తె, లు, గు. మనం వేళ్ల మీద లెక్కపెట్టినా వచ్చేది అదే.

కాబట్టి ఆ 20 ఎందుకు పెట్టారో ముందు తెలుసుకోండి. డేటాబేస్‌లోని గడి వెడల్పు బైట్లలో ఉంటే లెక్క బైట్లలోనే జరగాలి, అప్పుడు పరిమితిని తెలుగుకు తగినట్టు పెంచాలి. చదివేవారి కంటికి ఇరవై అక్షరాలు అన్నది ఉద్దేశమైతే, అక్షర సముదాయాలను, అంటే కంటికి ఒకే అక్షరంగా కనిపించే సంకేతాల గుంపులను, లెక్కించే లైబ్రరీ వాడాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. ‘స్త్రీ’ అనే మాటను యూనికోడ్ పాత నియమాలు మూడు సముదాయాలుగా విడదీసేవి. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి ఒత్తులతో కూడిన అక్షరం ఒక్కటిగా నిలుస్తోంది. మీ లైబ్రరీ ఏ వెర్షన్‌ను అనుసరిస్తోందో చూసుకోండి. మన పేర్లు మన లిపిలో రాసుకుంటే తిరస్కరించే ఫారం ఒక్కటి తగ్గినా నాకు సంతోషమే. ఈ ప్రశ్న పంపినందుకు కృతజ్ఞతలు.

ప్రశ్న: భాషల వేగాన్ని పోల్చే పట్టికలు చాలా చూశాను. పైథాన్ అన్నిటికన్నా కింద ఉంటుంది. అయినా కృత్రిమ మేధ పనులన్నీ అందులోనే ఎందుకు జరుగుతున్నాయి?

జవాబు: పట్టికల్లోని కొలతలు ఎక్కువగా లూపుల్లో తిరిగే చిన్న లెక్కలవి. అక్కడ పైథాన్, సీ కంటే పదుల రెట్లు వెనకబడే మాట నిజం. కానీ సంఖ్యల లెక్కలకు వాడే నంపై వంటి లైబ్రరీలో కోటి సంఖ్యల గుణకారం నడిచేది సీ కోడ్‌లో; పైథాన్ చేసేది ఆ పనిని పురమాయించడమే. మీ ప్రోగ్రాము ఎక్కువసేపు దేనికోసం ఆగుతోందో ఏ భాగానికి ఎంత సమయం పడుతోందో చూపే ప్రొఫైలర్‌తో కొలిచి చూడండి. అది డేటాబేస్ జవాబు కోసమైతే భాష మార్చినా ఆ నిరీక్షణ తగ్గదు.

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్ వయసు పన్నెండేళ్లు. పాత కోడ్‌ను పక్కన పెట్టి, కొత్త భాషలో మొదటి నుంచి రాద్దామని మా బృందంలో సగం మంది అంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: భాష మార్చండి, మార్చకపోండి, మొదటి నుంచి రాయవద్దు. నెట్‌స్కేప్ అనే వెబ్ బ్రౌజర్ 4వ వెర్షన్ 1997లో వచ్చింది. ఆ తర్వాత దాని తయారీదారులు పాత కోడ్‌ను పక్కన పెట్టి కొత్తగా రాయడానికి పూనుకున్నారు; 5వ వెర్షన్ విడుదలే కాలేదు, 6వది 2000 నవంబరులో గానీ రాలేదు. ఈలోగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వారి వాడుకరులను తనవైపు తిప్పుకుంది. పాత కోడ్‌లో వికారంగా కనిపించే ప్రతి షరతు వెనుక ఎప్పుడో ఎవరో పట్టుకున్న ఒక బగ్ ఉంటుంది. దాన్ని తీసేసినవారు ఆ బగ్‌ను మళ్లీ మొదటి నుంచి కనిపెట్టుకోవాల్సి వస్తుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ, జావాస్క్రిప్ట్ మీద కట్టిన టైప్‌స్క్రిప్ట్ భాష కంపైలర్. అప్పటివరకు టైప్‌స్క్రిప్ట్‌లోనే రాసి ఉన్న ఆ కంపైలర్‌ను గోకు మారుస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2025 మార్చిలో ప్రకటించింది. సుమారు 15 లక్షల పంక్తులున్న వీఎస్ కోడ్ (ప్రోగ్రాములు రాసే ఎడిటర్) ప్రాజెక్టును తనిఖీ చేయడానికి పట్టే సమయం 77.8 సెకన్ల నుంచి 7.5 సెకన్లకు తగ్గిందని వారు చూపించారు. నన్ను ఆకట్టుకున్నది వేగం కన్నా వారు ఎంచుకున్న పద్ధతి. ఆ పనికి సారథి అయిన ఆండర్స్ హైల్స్‌బర్గ్ సీ షార్ప్ భాష సృష్టికర్త. అయినా తన సొంత భాషను ఎంచుకోలేదు. పాత కోడ్ నిర్మాణాన్ని ఫంక్షన్‌కు ఫంక్షన్‌గా, అదే తీరులో దించుకోవడానికి గో అనువుగా ఉంది కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. పాత ప్రవర్తనను నిలుపుకోవడమే లక్ష్యంగా భాష మార్చడమంటే ఇదే.

మీరు చేయవలసింది కూడా ఇలాంటిదే. సరిహద్దులు స్పష్టంగా ఉన్న ఒక చిన్న భాగాన్ని, నివేదికలు తయారుచేసే భాగం వంటిదాన్ని, ముందు తీసుకోండి. కొత్త భాషలో రాశాక వెంటనే పాతదాన్ని తీసేయకండి. వచ్చే ప్రతి అభ్యర్థననూ రెండింటికీ ఇచ్చి, వాడుకరికి పాతదాని జవాబే పంపుతూ, రెండు జవాబులూ కలవని సందర్భాలను నమోదు చేయండి. డబ్బు చెల్లింపు, ఈమెయిల్ వంటి బయటి పనులను మాత్రం రెండోసారి జరగనివ్వకూడదు. తేడాలన్నిటికీ కారణం దొరికాకే కొత్తదానికి దారి ఇవ్వండి. ఇందుకు పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేయకండి: పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో, పైథాన్ 2కు మద్దతు ఆగింది 2020 జనవరి 1న. మొదట 2015గా ప్రకటించిన గడువును మధ్యలో పొడిగించాల్సి వచ్చింది. ఒకే పేరున్న భాషలోనే ఇంత కాలం పట్టింది.

ప్రశ్న: పద్దెనిమిదేళ్లుగా కోబాల్‌లో ఖాతాల లెక్కలు రాస్తున్నాను. ఇప్పుడు జావా నేర్చుకోవాల్సి వచ్చింది. నా అనుభవమంతా వృథా అయినట్టేనా?

జవాబు: ముమ్మాటికీ కాదండీ. మీ పక్కన కూర్చునే జావా ప్రోగ్రామర్‌కు లేనిది మీ దగ్గర ఉంది: వడ్డీని ఎక్కడ రౌండ్ చేయాలో, నెలాఖరున ఏ పద్దు ముందు మూయాలో మీకు తెలుసు. మీరు జాగ్రత్తపడాల్సింది దశాంశాల దగ్గర. కోబాల్‌లో రూపాయల గడిని రెండు దశాంశ స్థానాలతో ప్రకటిస్తే లెక్క దశాంశాల్లోనే కచ్చితంగా సాగుతుంది. జావాలో అందరికీ మొదట పరిచయమయ్యే డబుల్ అనే టైపు 0, 1 అంకెల ద్విసంఖ్యా పద్ధతిలో పనిచేస్తుంది, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. డబ్బు లెక్కలకు బిగ్‌డెసిమల్ వాడండి, దానికి సంఖ్యను డబుల్‌గా కాక స్ట్రింగ్‌గా ఇవ్వండి. పోల్చేటప్పుడు ఈక్వల్స్ వాడితే 2.0, 2.00 రెండూ వేరని చెబుతుంది, ఎందుకంటే అది దశాంశ స్థానాల సంఖ్యనూ చూస్తుంది. విలువను మాత్రమే పోల్చే కంపేర్‌టూ వాడి, ఫలితం సున్నా వచ్చిందో లేదో చూడండి.