డిసెంబరు హడావుడిలో ఆగమన కాలం జారిపోతోందా?

అక్కా, స్టార్ కట్టడం, క్యారల్స్, పిల్లల బట్టలతోనే డిసెంబరు అయిపోతోందనీ, తిరుపతిలో షిఫ్టు డ్యూటీ వల్ల రోజూ చర్చిలో పూజకు (మాస్‌కు) వెళ్లలేక క్రిస్మస్ పండుగనాటికి మనసు ఖాళీగా ఉంటోందనీ రాశారు. ఆగమన కాలమంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల సిద్ధపాటే కదా. కొత్త భక్తి పనులేవీ నెత్తిన వేసుకోకండి, ఉన్న సమయంలోనే చేయొచ్చు.

ముందు పాపసంకీర్తనం, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం సంగతి. చివరి వారం దాకా ఆగితే క్యూలో టెన్షనే మిగులుతుంది. ఆగమన కాలం రెండో ఆదివారం లోపే ఫాదర్ గారికి ఫోన్ చేసి, మీ షిఫ్టు చెప్పి టైం అడగండి. ఆ ముందు రాత్రి ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను ఎవరితో మాట్లాడటం మానేశాను? తోడికోడలైనా, పక్కింటావిడైనా, పండుగలోపు ఆమెకు మీరే ముందు ఫోన్ చేయండి. నా దృష్టిలో నలభై జపమాలల కన్నా ఇది కష్టం, అందుకే ముందు ఇదే చేయమంటున్నాను.

డిసెంబరు 17 నుంచి 24 వరకు పూజలో చదివే సువార్తలు మత్తయి, లూకా మొదటి అధ్యాయాల్లోవే. యేసు వంశావళితో మొదలై, స్నాపక యోహాను తండ్రి జెకర్యా స్తోత్రంతో ముగుస్తాయి. గుడికి వెళ్లలేని రోజు బస్సులోనైనా ఆ రోజు భాగం చదువుకోండి, ఐదు నిమిషాలు చాలు. వంశావళిని దాటేయకండి, అందులో తామారు, రాహాబు, రూతు అనే స్త్రీల పేర్లూ ఉన్నాయి.

ఇంట్లో మూడు ఊదా, ఒక గులాబీ కొవ్వొత్తి పెట్టి వారానికొకటి చొప్పున పిల్లలచేత వెలిగించండి. గులాబీది మూడో ఆదివారానికి. ఊదా రంగువి దొరక్కపోతే తెల్లవాటికి రిబ్బన్ కట్టినా సరిపోతుంది.