సెస్సు ఎక్కడికి పోతుందని అడిగే పిల్లకు ఏ ఉద్యోగం?

కావలి నుంచి ఒక తండ్రి రాశారు: "నూనెల కొట్టు ఉంది. అమ్మాయి బీకాం మూడో ఏడాది, కొట్టు జీఎస్టీ రిటర్నులు తనే వేస్తుంది. కృష్ణపట్నంలో దిగే పామాయిల్ మీద కట్టిన పన్నులో మన రాష్ట్రానికి తిరిగొచ్చేదెంత అని నా ప్రాణం తీస్తోంది. జీఎస్టీ ఇన్‌స్పెక్టర్ కావాలంటే సీఏ చేయించాలా?"

సీఏ అక్కర్లేదన్నా. ఏదైనా డిగ్రీ చాలు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్లు కేంద్ర ఉద్యోగాలకు పెట్టే సీజీఎల్ పరీక్ష రాయొచ్చు. కాకపోతే ముందు ఆ పిల్ల ప్రశ్న తేల్చనీయండి.

మీ బిల్లు మీద పడే 5 శాతం జీఎస్టీలో సగం నేరుగా రాష్ట్రానిది. మిగతా సగం, ఇన్‌కమ్‌ట్యాక్సు, ఓడరేవులో కట్టే కస్టమ్స్ సుంకం అన్నీ కేంద్రం సంచిత నిధికి, అంటే దాని ప్రధాన ఖజానాకు చేరతాయి, పార్లమెంటు ఒప్పుకోనిదే అందులోంచి పైసా తీయడానికి లేదు. పంచాల్సిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకివ్వాలని, ఈ వాటాలు తేల్చే 15వ ఆర్థిక సంఘం చెప్పింది, 2021-26కి అందులో ఆంధ్ర వంతు 4.047 శాతం. ఇక అసలు మెలిక సెస్సు దగ్గర ఉంది, అంటే ఫలానా పనికని చెప్పి అదనంగా వేసే పన్ను. ముడి పామాయిల్ మీద సుంకంతో పాటు 2021 నుంచి వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు కూడా వేస్తున్నారు, అది పంపకాల్లోకే రాదు, మొత్తం ఢిల్లీదే. నాకైతే ఇది ఒళ్లు మండే విషయం, సరే వదిలేయండి. ఖర్చు చూస్తే 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రతి రూపాయిలో 20 పైసలు వడ్డీలకే పోయాయి, రాష్ట్రాల వాటా 22 పైసలు.

ఎవరు ఎగ్గొట్టారని ఆరా తీసే పిల్లలు ఇన్‌స్పెక్టర్లుగా రాణిస్తారు. మీ అమ్మాయి కట్టిన డబ్బు ఏమైందని అడుగుతోంది, ఆ పని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వాళ్లది. అదే సీజీఎల్‌తో అక్కడ ఆడిటర్‌గా చేరొచ్చు. ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 29,200తో మొదలు, ఇన్‌స్పెక్టర్‌కైతే 44,900, అంటే తేడా చిన్నదేం కాదు. అయితే ఆడిటర్లు ఎస్ఏఎస్ అనే శాఖాపరమైన పరీక్ష గట్టెక్కితే అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ అవుతారు. ఏ పోస్టు ముందు కావాలో రాసే ప్రిఫరెన్సుల్లో నేనైతే ఆడిటర్‌ని పైన పెట్టమంటాను, మీరు ఒప్పుకోరని తెలుసు, జీతం వరకూ చూస్తే మీ మాటే న్యాయం.

ఒకటి మాత్రం ఇప్పుడే చూసుకోండి, సీజీఎల్ పేపరు తెలుగులో ఉండదు, ఇంగ్లీషు, హిందీల్లోనే. ఇన్‌స్పెక్టరే కావాలంటే ఆడపిల్లలు కిలోమీటరు 20 నిమిషాల్లో నడవాలి, 3 కిలోమీటర్లు 25 నిమిషాల్లో సైకిల్ తొక్కాలి, స్కూటీ అలవాటైన పిల్లలు చాలామంది ఆ సైకిల్ దగ్గరే టెన్షన్ పడతారు.