అమెరికాలోని నాష్‌విల్‌లో నౌరోజ్ పిలుపు: ఏం తీసుకెళ్ళాలి అన్నదానికి సమాధానం

పక్కింటి కుర్దిష్ వాళ్ళు నౌరోజ్‌కి పిలిచారు, ఇది ముస్లిం పండగా, ఏం తీసుకెళ్ళాలి అన్నారు కదండీ, టెన్షన్ పడకండి. మతం పండగ కాదు, మన ఉగాదిలాగే వసంతంలో కొత్త సంవత్సరం, మార్చి 20, 21 టైంలో. కావా అనే కమ్మరి దుర్మార్గుడైన రాజుని చంపి మంట వేశాడని కథ, అందుకే మంట వేసి చేతులు పట్టుకుని వరసగా డాన్స్ చేస్తారు, మిమ్మల్నీ లాగుతారు చూడండి, షూ వేసుకెళ్ళడం బెటర్ 😄 కుర్దుల్లో చాలామంది సున్నీ ముస్లింలే కాబట్టి వైన్ వద్దు, స్వీట్ బాక్స్ చాలు. వెజ్ అయితే ముందే చెప్పండి, డోల్మాలో (ద్రాక్ష ఆకుల్లోనో కూరగాయల్లోనో అన్నం కూరి వండేది) ఎక్కువగా మాంసం ఉంటుంది. లోపలికెళ్ళగానే "నౌరోజ్ పీరోజ్ బే" (నౌరోజ్ శుభాకాంక్షలు) అనండి. ఒక్కటి మాత్రం, మీరు అరబ్బులా అని అడక్కండి, కుర్దులు వేరే జాతి, 1988లో అన్ఫాల్ అనే కుర్దుల ఊచకోతలో ఇరాక్ నియంత సద్దాం సైన్యం ఊళ్ళకి ఊళ్ళు కూల్చేస్తే పారిపోయొచ్చిన కుటుంబాలు నాష్‌విల్‌లో చాలా ఉన్నాయి.