నీట్ రాయకుండా మెదడు మీద పరిశోధన చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. నిద్రలో కూడా ఊపిరి ఆగకుండా ఆడించేది మెదడులో ఏమిటో తేల్చే పరిశోధన చేస్తానంటోంది. నీట్ వద్దంటోంది. ఇందులో భవిష్యత్తు ఉందా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉందండీ. ముందు ఆమె అడుగుతున్నది ఎంత పెద్ద ప్రశ్నో మీరు గమనించాలి. గుండె తన లయను తానే పుట్టించుకుంటుంది. ఊపిరితిత్తులకు ఆ శక్తి లేదు. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం నుంచి ఆజ్ఞ రావాల్సిందే. 1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్ బృందం అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల మెడుల్లా (మెదడు కాండం కింది భాగం) నుంచి పల్చటి ముక్క కోసి, ఆక్సిజన్ కలిపిన ద్రవంలో ఉంచింది. శరీరం లేదు, ఊపిరితిత్తులు లేవు. అయినా నాలుకకు వెళ్లే నాడి మొదలు భాగంలో విద్యుత్ సంకేతాలుగా శ్వాస లయ కనిపిస్తూనే ఉంది! ఆ లయకు మూలమైన చిన్న కణ సమూహమే ప్రీబోట్జింగర్ కాంప్లెక్స్. అక్కడ లయ పుట్టేది కొన్ని కణాల సొంత గుణం వల్లనా, అన్నీ ఒకదాన్నొకటి ప్రేరేపించుకోవడం వల్లనా అన్న వాదన ఇంకా తెగలేదు. మార్ఫిన్ లాంటి మందులు మోతాదు మించితే ఊపిరి ఆగిపోవడానికి ఈ కణాలు మందగించడం ఒక ముఖ్య కారణం. అంటే ఈ పని ప్రాణాలకు సంబంధించినదే.

దీనికి ఎంబీబీఎస్ తప్పనిసరి కాదు. తిరుపతి ఐసర్‌ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్య, పరిశోధన సంస్థ)లో డిగ్రీ, పీజీ కలిసిన బీఎస్-ఎంఎస్ మంచి మొదలు. ప్రవేశానికి ఐసర్‌ల సొంత పరీక్ష ఐఏటీ రాయాలి. అందులో గణితం కూడా ఉంటుంది. బైపీసీ పిల్లలు జంకేది అక్కడే, కానీ నా ఉద్దేశంలో గణితం ఎలాగూ తప్పించుకోకూడదు. న్యూరాన్ల (నాడీకణాల) విద్యుత్ సంకేతాలు కొలవాలన్నా, కంప్యూటర్‌లో నమూనా కట్టాలన్నా అదే ఆధారం. సాధారణ బీఎస్సీ చేసినా దారి మూసుకుపోదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ (నాడీ వ్యవస్థ, ఆలోచన ప్రక్రియల శాస్త్రం) ఎంఎస్సీ ఉంది. పీహెచ్‌డీకి బెంగళూరులోని ఐఐఎస్‌సీ, జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్, హరియాణాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీ చూడండి.

ఒక్క మాట దాచను. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటవచ్చు. అయితే సైన్స్ పరిశోధనకు జాతీయ అర్హత పరీక్ష అయిన సీఎస్‌ఐఆర్-నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది, పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. పెళ్లి తొందర పెట్టి మధ్యలో ఆపించకండి. ఇప్పటి నుంచే రోజూ ఒక గంట ఇంటర్ గణితం మొదలుపెట్టించండి, ఐఏటీ పాత ప్రశ్నపత్రాలు చేయించండి.